తొలి యాభై వంతులు

వంతులవారీగా ఆడే ఆటలు మనకు కొత్తవి కావు. చదరంగమున్నది, ఏడేసి గుంటలు రెండు వరుసలుగా తొలిచిన చెక్క మీద చింతగింజలతో ఆడే వామనగుంటలున్నవి. ఎదుటివారి వంతు ముగిసేదాకా చేయి ముడుచుకొని ఆలోచించవలసిన ఆటలివి. నేడు పిల్లలు కంప్యూటరు మీద ఆడే ఆటలలో పెక్కింటికి కావలసినది వేళ్ల వేగం. అయితే ఆ యంత్రం మీదనే తీరికగా, వంతుకొక నిర్ణయం చొప్పున ఆడే ఆటలు కూడా ఉన్నవని మనలో చాలామంది ఎరుగరు. వానిలో ప్రసిద్ధమైనది ‘సివిలైజేషన్’. 1991లో అమెరికాలో సిడ్ మేయర్, బ్రూస్ షెల్లీ అనువారు దానిని రూపొందించినారు. నేను చూచినది 2016లో వెలువడిన ఆరవ రూపం. చూచినది మెట్‌పల్లి సమీపాన, మా చెల్లెలి ఇంట, పసుపు తవ్వకాలు ముగిసిన రోజులలో.

ఆట క్రీస్తుపూర్వం 4000తో ఆరంభమవుతుంది. ఆటగాని చేతిలో ఒక వలస జట్టు, ఒక యోధుడు మాత్రమే ఉంటారు. చుట్టూ ఏమున్నదో తెలియదు. వలస జట్టు ఒకచోట ఊరు కడుతుంది. ఊరిలో ఒక్కొక్క పౌరుడు వంతుకు రెండు పాళ్ల తిండి తింటాడు; మిగిలిన తిండి కూడితే మరొక పౌరుడు పెరుగుతాడు. చుట్టుపక్కల భూమి నుండి ఉత్పత్తి శక్తి కూడా వస్తుంది. ఆ శక్తితో ఏమి చేయవలెను? దేవాలయమా, సైన్యమా, మరొక ఊరా? ఆట యావత్తూ కొన్ని వందల వంతులు సాగినా, గెలుపోటములు చాలావరకు తొలి యాభై వంతులలో ఈ ప్రశ్నకిచ్చే జవాబు మీదనే ఆధారపడి ఉంటవి.

మా మేనల్లుడు మొదటిసారి ఆడినప్పుడు ‘స్టోన్‌హెంజ్’ అనే అద్భుత కట్టడానికి పూనుకొన్నాడట. దానికి 180 పాళ్ల ఉత్పత్తి కావలెను. వంతుకు అయిదు పాళ్లు పండించే చిన్న ఊరికి అది 36 వంతుల పని. మొదటి వలస జట్టుకు 80, రెండవదానికి 110 పాళ్లు చాలును. అనగా ఇంచుమించు ఆ ఖర్చుతోనే మరి రెండు ఊళ్లు వెలిసేవి. ఆ రెండూ తమ వంతున పండించేవి. ఇతడు రాళ్లు నిలబెట్టుకొంటూ ఉండగా పొరుగు రాజు నేలనంతా ఆక్రమించుకొన్నాడు. పైగా అటువంటి కట్టడం లోకంలో ఒక్కటే ఉండవలెనని నియమం. మరొకరు ముందుగా ముగించినట్లయితే మనకిక దక్కదు.

“మొదట్ల ఏది చేసినా, మల్ల చేసెటిదాన్నే చెయ్యాలె మామా” అన్నాడు వాడు. ఇంతకంటె క్లుప్తంగా నేను చెప్పలేను.

మా బావ నులకమంచం మీద కూర్చుని ఇదంతా వింటున్నాడు. “ఇది మన పసుపు విత్తనం లెక్కనే ఉన్నది గదా” అన్నాడు.

నిజమే. పసుపు తొమ్మిది నెలల పంట. ఎకరానికి ఎనిమిది నుండి పది క్వింటాళ్ల విత్తనపు దుంపలు కావలెను. బాగా పండిన ఏడు వచ్చే పచ్చిదుంపలో అది ఇంచుమించు పదవ వంతు. అమ్మదలచిన దుంపను ఉడికించి, ఎండబెట్టవలెను. ఎండిన తరువాత పచ్చిదాని బరువులో అయిదవ వంతు మాత్రమే మిగులుతుంది. విత్తనానికి ఉంచదలచినదానిని ఉడికించరాదు. నీడన కుప్పపోసి, ఆకు కప్పి, జూన్ వరకు కాపాడవలెను. ఒకసారి ఉడికిన కొమ్ము మరి మొలవదు. జూన్‌లో పసుపు పెట్టిన చేనులోనే మక్క కూడా వేయడం ఈ ప్రాంతపు ఆనవాయితీ. మక్క మూడు నాలుగు నెలలలో చేతికి వచ్చి, పసుపు ఊరేదాకా ఇల్లు గడుపుతుంది. ఆటలో ఆరితేరినవారు తొలి ఊరిని తిండి గల నేల పక్కన, ఉత్పత్తినిచ్చే కొండల పక్కన ఒకేసారి నిలుపుతారని వాడు చెప్పినప్పుడు నాకు ఈ మక్క చేనే స్ఫురించినది.

అట్లని విత్తనమే సర్వస్వం కాదు. ఆటలో అనాగరికుల వేగులవాడొకడు తిరుగుతూ ఉంటాడు. వాడు మన ఊరిని చూచి తన స్థావరానికి మరలిపోగలిగినాడా, వెనుకనే దండు వస్తుంది. వడిసెల విసిరేవారు కూడా లేకుండా వలసలు పంపినవాడు ఉన్న ఊరినే పోగొట్టుకొంటాడు. కంచె లేని విత్తనం పక్షుల పాలు. మరొక ఆకర్షణ అడవి: దానిని నరికితే ఒక్కసారిగా పెద్ద ఉత్పత్తి చేతికి వస్తుంది, అటుపిమ్మట అక్కడ కలప లేదు. తొందరలో ఉన్నవానికి అది మేలే చేస్తుంది. ఆదిలాబాదు టేకు అడవుల పొరుగున పెరిగిన నాకు ఆ మీట నొక్కడం చూడబుద్ధి కాలేదు. వాడు మాత్రం నిస్సంకోచంగా నొక్కినాడు.

వలస జట్టును గూర్చి ఇంకొక మాట చెప్పవలసియున్నది. అది ఉత్పత్తితోనే తయారు కాదు. పంపిన ఊరి జనాభాలో ఒకటి తగ్గుతుంది. ఇద్దరైనా లేని ఊరు ఎవరినీ పంపజాలదు. మూడవ జట్టుకు 140 పాళ్లు, ఇట్లు ముప్పయ్యేసి చొప్పున వెల పెరుగుతూనే ఉంటుంది.

“పోయినోడు మల్ల రాడా?” అని అడిగినాడు మా బావ.

“రాడు బాపూ. ఆడనే ఊరు కడ్తడు.”

బావ కొంతసేపు మాట్లాడలేదు. వారి పెద్దవాడు మస్కటులో ఉన్నాడు. ఈ ప్రాంతంలో గల్ఫుకు ఒక్కరినైనా పంపని ఇండ్లు తక్కువ. వీసాకు తెచ్చిన అప్పు మీద వడ్డీ నడుస్తున్నది. ఆటలో కొత్త ఊరు మొదటి వంతు నుండే తన కాళ్ల మీద నిలుస్తుంది, తల్లి ఊరికి బాకీ ఉండదు. అక్కడ పోలిక తెగిపోయినది. తెల్లవారితే ఉడికించే బాయిలర్ వాకిట్లోకి వస్తున్నది. పసుపు ధర ఆ ఏడు బాగున్నది. దుంప అంతా ఉడికించి అమ్మితే అప్పు తీరుతుంది, జూన్‌లో విత్తనం కొనవలెను. అప్పటి ధర ఎవరి చేతిలోనిదీ కాదు. విత్తనం ఆపితే వడ్డీ ఇంకొక ఏడాది పెరుగుతుంది.

మేనల్లుడు యంత్రం కట్టేసి తండ్రి పక్కన కాగితం, పెన్ను పట్టుకొని కూర్చున్నాడు. ఆటకు వేసిన లెక్కలే వేసినాడు: వడ్డీ ఎంత, విత్తనం వెల ఎంత, మక్క మీద వచ్చేది ఎంత. రాత్రి పది దాటినది. మా చెల్లెలు రెండుమార్లు అన్నానికి పిలిచినది.

వారికి ఉన్నది రెండెకరాల పసుపు. ఒక ఎకరానికి సరిపడే దుంప వేరు చేసి, వేపచెట్టు కింద కుప్పపోసి ఆకు కప్పినారు. మిగిలినది తెల్లవారి బాయిలర్‌లోకి పోయినది.