అంకెకు ఊరూ పేరూ ఉండాలి

పట్టాలు అందుకుంటున్న యువ వైద్యులారా, రేపటి నుంచి ల్యాబ్ రిపోర్టులో నక్షత్రం గుర్తు పడ్డ అంకెను చూపించి, "ప్రమాదమేమైనా ఉందా డాక్టరుగారూ?" అని మిమ్మల్ని అడుగుతారు. అది ఎవరి రక్తం, ఏ గంటలో తీసింది, ఏ కిట్‌తో కొలిచింది అన్నవి తేలాకే ఆ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది.

ట్రోపోనిన్‌నే తీసుకోండి. గుండె కండరంలో ఉండే ఈ ప్రొటీన్, కండరం దెబ్బతింటే రక్తంలోకి చేరుతుంది. ఛాతీనొప్పితో క్యాజువాలిటీకి వచ్చిన మనిషిలో అది కొద్దిగా పెరుగుతున్నా గుండెపోటును అనుమానించాలి. బైపాస్‌లో మాత్రం చాలాసార్లు గుండెను మనమే ఆపుతాం, మనమే కుట్లు వేస్తాం. అక్కడ ట్రోపోనిన్ పెరగకపోతేనే వింత. అయినా సాధారణ పరిమితికి 10, 35, 70 రెట్లు దాటితే ప్రమాదమని నిపుణులు వేర్వేరు గీతలు గీశారు. 12 దేశాల్లో 13,862 మందిని పరిశీలించిన విజన్ కార్డియాక్ సర్జరీ అధ్యయనం 2022లో వెలువడింది. బైపాస్ లేదా బృహద్ధమని కవాట మార్పిడి జరిగిన ఒక రోజులోపు ట్రోపోనిన్ ఐ లీటరుకు 5,670 నానోగ్రాములకు, అంటే పరిమితికి 218 రెట్లకు చేరినప్పుడే, 30 రోజుల్లో మరణించే ముప్పు పెరిగినట్టు అందులో తేలింది.

గీత అంత ఎత్తున ఉంటే ఇక పరీక్ష దేనికని మీరు అడగవచ్చు. పాత గీతలను ఎక్కువమంది రోగులు దాటేస్తుంటే, బైపాస్‌లో అమర్చిన రక్తనాళం (గ్రాఫ్ట్) నిజంగా మూసుకుపోయిన రోగి ఆ గుంపులో కలిసిపోతాడు. ఎత్తయిన గీత అతణ్ని వేరుచేసి చూపగలదు. అలాగని 218 రెట్ల లోపున్నవారంతా క్షేమమనీ కాదు: ఈసీజీ మారి, బీపీ పడిపోతూ, ఎకోలో గుండె గోడ కదలకపోతే అంకె కోసం ఎదురుచూడకూడదు. పైగా ఆ గీత ఒక కంపెనీ కిట్‌తో తేల్చింది. మరో రకమైన ట్రోపోనిన్ టీకి అది వర్తించదు. ఇలాంటి ముప్పు లెక్కలన్నీ సాఫ్ట్‌వేరే కడుతుంది కదా అనేవారూ ఉన్నారు. కట్టనివ్వండి, మంచిదే. కానీ అది చెప్పేది అలాంటి వందమందిలో ఎందరికి ముప్పు అన్నది. మంచం మీదున్న ఈ ఒక్కరికి మళ్లీ యాంజియోగ్రామ్ చేస్తే మేలా కీడా అన్నది వేరే ప్రశ్న. ముప్పును పసిగట్టిన అధ్యయనం చికిత్స ఫలితాన్ని రుజువు చేసినట్టు కాదు.

అందుకే కేస్‌షీట్‌లో అంకె పక్కన రక్తం తీసిన సమయం, ఆపరేషన్‌కు ముందున్న విలువ, కిడ్నీల పరిస్థితి రాయండి. తర్వాతి డ్యూటీ డాక్టరుకు నిర్ణయం తీసుకునే ఆధారం అదే.