హద్దు ఎవరి చేతిలో ఉంది?

(రేడియో ప్రసంగ పాఠము. వాక్యభాగము: లూకా సువార్త 14:28-30)

 

లూకా సువార్త 14వ అధ్యాయంలో ప్రభువు ఒక ప్రశ్న అడిగారు. గోపురం కట్టాలనుకున్న మనిషి, పని మొదలుపెట్టక ముందే కూర్చుని, చివరిదాకా కట్టగలనా లేదా అని ఖర్చు లెక్క చూసుకోడా అని. ఆ మాట శిష్యత్వమును గురించి చెప్పినదే, నిజమే. అయినా ప్రభువు ఉదాహరణగా తీసుకున్నది ఇంటి యజమాని వేసుకునే లెక్కను. కూర్చోవాలి, లెక్క చూడాలి, ముందే చూడాలి. ఈ మూడింటినీ పట్టుకొని ఈ పూట ఫోనులో ఆడే జూదమును గురించి మాట్లాడుకుందాం. పేకాట యాప్‌లు, కాసినో ఆటలు, తిరిగే బొమ్మల స్లాట్లు, క్రికెట్ పందేలు అన్నీ ఇందులోకే వస్తాయి.

మన యౌవనస్థుల్లో కొందరు నిజాయితీగానే అడుగుతారు. "అయ్యగారూ, నేను సిగరెట్ తాగను, మందు ముట్టను. నెలకు రెండు వేలు పెట్టుకొని ఆడుకుంటాను. హద్దు దాటను. ఇందులో తప్పేముంది?" ఈ ప్రశ్నను గద్దించి పంపించేయడం సులభమే. కానీ గద్దింపు తిన్న అబ్బాయి ఆట మానడు, మనతో చెప్పడం మానేస్తాడు. కాబట్టి అతను అన్న ఆ "హద్దు" అనే మాటనే జాగ్రత్తగా పరిశీలిద్దాం.

ముందుగా చట్టము సంగతి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణలో 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2020లో నిషేధించారు. రమ్మీని కూడా వదలలేదు. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ వర్తించేలా మరో చట్టం చేసింది. నైపుణ్యం ఆటా, అదృష్టం ఆటా అని తేడా చూడకుండా, డబ్బు పందెంతో నడిచే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ, వాటి ప్రకటనలనూ అది నిషేధిస్తుంది. "రమ్మీ నైపుణ్యం ఆట అని సుప్రీంకోర్టే చెప్పింది గదా" అని వాదించేవారున్నారు. చెప్పిన మాట వాస్తవమే. సికింద్రాబాదులోని ఒక క్లబ్బు కేసులో వచ్చిన ఆ తీర్పును 1968 తీర్పు అంటారు. అయితే పేకాట పెట్టించిన క్లబ్బు ఆ ఆట మీద లాభం తీసుకుంటే అది వేరే సంగతి అని కూడా అదే తీర్పులో ఉంది. ఆ వాక్యాన్ని ఎవరూ గుర్తుచేయరు! చట్టం వచ్చాక కూడా విదేశాలనుంచి నడిచే సైట్లు కొన్ని దొంగదారిన ఫోనుల్లోకి వస్తూనే ఉన్నాయి. వాటిలో డబ్బు ఇరుక్కుంటే అడగడానికి ఒక ఆఫీసు లేదు, వెళ్లి నిలదీయడానికి ఒక మనిషి లేడు.

ఇప్పుడు ప్రభువు చెప్పినట్టు కూర్చుని లెక్క చూద్దాం. పెన్సిలు, కాగితం తీసుకోండి.

కాసినోలో రౌలెట్ అనే చక్రం ఉంటుంది. యూరోపు పద్ధతి చక్రంలో 37 గళ్లు. ఎర్రవి 18, నల్లవి 18, ఇవిగాక ఒక సున్నా. మీరు ఎరుపు మీద వంద రూపాయలు పెట్టారు. ఎరుపు వస్తే వంద లాభం, నలుపు వస్తే వంద నష్టం. సున్నా వచ్చినా నష్టమే. ఒక్కో గడి ఒక్కోసారి వచ్చిందనుకొని 37 సార్లకు లెక్క వేయండి. 18 సార్లు గెలిచి 1,800 సంపాదించారు, 19 సార్లు ఓడి 1,900 పోగొట్టుకున్నారు. చేతిలోనుంచి వంద పోయింది. ఇందులో మోసం లేదు, చక్రానికి అయస్కాంతం పెట్టలేదు. ఆ ఒక్క సున్నా చాలు, కాసినో అద్దె, కరెంటు, జీతాలు, లాభం అన్నీ దానిలోనుంచే వస్తాయి. అమెరికాలో ఎక్కువగా కనిపించే చక్రంలో రెండు సున్నాలుంటాయి, అంటే యజమానికి ఇంకొంచెం ఎక్కువ.

స్లాట్ల లెక్క ఇంకా చూడండి. పెట్టిన ప్రతి వందలో 96 రూపాయలు ఆటగాళ్లకే తిరిగి వస్తాయని ఒక ఆట గొప్పగా చెప్పుకుంటుంది అనుకుందాం. నాలుగు రూపాయలే గదా అనిపిస్తుంది. కానీ ఒక్కో తిప్పుడుకు ఎంతసేపు పడుతుంది? ఇంగ్లాండులో 2021నుండి ఆన్‌లైన్ స్లాట్ రెండున్నర సెకన్లకంటే వేగంగా తిరగకూడదని నియమం పెట్టారు. ఆ నెమ్మది వేగంలోనే గంటకు 1,440 సార్లు తిరుగుతుంది. సారికి పది రూపాయలు చొప్పున గంటలో మీరు పెట్టిన పందెం మొత్తం 14,400. అందులో వందకు నాలుగు చొప్పున 576 రూపాయలు సగటున ఆటవాళ్లకు పోతుంది. "రెండు వేల హద్దు" అన్నాడే మన తమ్ముడు, అది మూడున్నర గంటల ఆట. నెల కాదు, ఒక రాత్రి. ఏ నియమమూ లేని దొంగ సైట్లలో ఆ వేగం ఎంతో, ఆ 96 నిజమో కాదో చూసే దిక్కే లేదు.

ఇది సగటు లెక్క అని మరచిపోవద్దు. ఒక రోజు మూడు వేలు వస్తుంది, నాలుగు రోజులు పోతుంది. అలా ఎప్పుడో తెలియకుండా రావడమే గాలము. స్కిన్నర్ అనే అమెరికా శాస్త్రవేత్త పావురాలతో ప్రయోగాలు చేశాడు. మీట పొడిచిన ప్రతిసారీ గింజ పడితే, గింజలు ఆగిన తరువాత పావురం కాసేపటికి పొడవడం మానేస్తుంది. ఎన్నిసార్లకు పడుతుందో తెలియకుండా అప్పుడప్పుడూ గింజ వేస్తే మాత్రం అది అలసట లేకుండా పొడుస్తూనే ఉంటుంది. పక్షిని బుద్ధిలేనిదని నవ్వకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో అమలులోకి తెచ్చిన వ్యాధుల జాబితాలో జూదపు వ్యసనము ఒక రుగ్మతగా ఉంది. అంటే "వాడికి సిగ్గు లేదు" అన్న మాటతో తేలే సంగతి కాదు ఇది.

ఇక హద్దు దగ్గరకు వద్దాం. హద్దు పెట్టుకునేది ఎవరు? ఒకటో తారీకు ఉదయం, జీతం పడినప్పుడు, ప్రశాంతమైన మనసుతో ఉన్న మనిషి. ఆ హద్దును కాపాడవలసినది ఎవరు? రాత్రి పదకొండు దాటాక, రెండు వేలూ పోగొట్టుకొని, గుండె దడదడలాడుతున్న మనిషి. పేరు ఒక్కటే, మనుషులు ఇద్దరు. ఆ రాత్రి మనిషి లాభం కోరడు. "పోయినది వచ్చేస్తే చాలు, మళ్లీ ముట్టను" అంటాడు. ఈ మాట మీ నోట వచ్చిందంటే హద్దు అప్పటికే కదిలిపోయింది. సామెతలు 23వ అధ్యాయం చివర తాగినవాని చిత్రం ఉంది. దెబ్బలు తిన్నానని ఒప్పుకుంటూనే, మెలకువ రాగానే మళ్లీ దానికోసమే వెదుకుతానంటాడు. అక్కడ ద్రాక్షారసం, ఇక్కడ ఫోను.

తరువాత సంగతి మీలో కొందరికి చెప్పనక్కరలేదు. చీటీ పాడిన డబ్బు, పిల్లల ఫీజు, తాకట్టులో గాజులు, ఆ తరువాత లోన్ యాప్. చివరికి ఇంట్లో అన్నం తింటూ కూడా ఫోను తిరగేసి పెట్టడం. నన్నడిగితే డబ్బుకంటె ముందు ఇంటినుంచి వెళ్లిపోయేది నిజము.

"బైబిల్లో కూడా చీట్లు వేశారు గదా" అని కొందరంటారు. వేశారు. అపొస్తలుల కార్యములు 1వ అధ్యాయంలో మత్తీయను అలాగే ఏర్పరచుకున్నారు. కానీ అక్కడ ఎవరి జేబులోని డబ్బూ ఇంకొకరి జేబులోకి పోలేదు. మనుష్యుల పక్షపాతము లేకుండా దేవునికి విడిచిపెట్టడానికి వేసిన చీటి అది. సొమ్ముకోసం చీట్లు వేసుకున్నవారు ఒక చోట కనబడతారు, యోహాను 19లో, సిలువ క్రింద. పైన ఒకరు ప్రాణం విడుస్తుంటే క్రింద నలుగురు ఆయన అంగీ ఎవరికి వస్తుందా అని చూస్తున్నారు. ఇదే సందర్భంలో సంఘ పెద్దలకు ఒక మాట: కోతపండుగలో లక్కీ డిప్, హౌసీ పెట్టి మందిర నిధికి డబ్బు పోగుచేసే అలవాటు కొన్ని చోట్ల ఉంది. చిన్న విషయమే అంటారు. మన పిల్లలు మొదటి టికెట్టు ఎక్కడ కొన్నారో మీరే ఆలోచించండి.

మరి ఏమి చేయాలి? డబ్బు ఆట అసలు ఆడకపోవడమే నా సలహా, మన దేశంలోనైతే చట్టమూ అదే చెబుతుంది. అయినా ఇప్పటికే ఆడుతున్న బిడ్డా, ఈ రాత్రి ఒక పని చెయ్యి. బ్యాంకు యాప్ తెరిచి, గత మూడు నెలల్లో ఆటకు వెళ్లిన ప్రతి రూపాయిని కాగితం మీద రాయి. వచ్చినవి ఒక వైపు, పోయినవి ఒక వైపు. గెలిచినవి మనకు బాగా గుర్తుంటాయి, పోయినవి జ్ఞాపకంనుంచి జారిపోతాయి, అందుకే కాగితం. ఆ కాగితాన్ని నీ భార్యకో, తండ్రికో, నమ్మకమైన ఒక సహోదరునికో చూపించు. చూపించలేకపోతున్నావంటే నీ ప్రశ్నకు జవాబు దొరికింది. ఇంకొకరికి తెలియని హద్దును రాత్రి మనిషి ఇట్టే చెరిపేస్తాడు.

చూపించిన తరువాత హద్దును ఇంకొకరి చేతిలో పెట్టు. జీతం వేరే ఖాతాలో పడేలా, యూపీఐ రోజువారీ పరిమితి తగ్గేలా, ఫోను రాత్రి ఇంకో గదిలో ఉండేలా చూసుకో. ఇంగ్లాండులో ఉన్నవారికి గామ్‌స్టాప్ అనే ఉచిత ఏర్పాటు ఉంది. అందులో పేరు రాయించుకుంటే అక్కడి లైసెన్సు ఉన్న ఆన్‌లైన్ జూద సంస్థలన్నీ నిన్ను బయటే నిలబెట్టాలి. ఆస్ట్రేలియాలో ఆన్‌లైన్, ఫోను పందేలకు 2023నుండి బెట్‌స్టాప్ అలాగే పనిచేస్తుంది. చదువుకోవడానికి వెళ్లి ఒంటరి గదిలో ఉన్న బిడ్డలారా, ఫీజు డబ్బు ఖాతాలో ఉండగానే ఆ పని చేయండి. ఎన్నిసార్లు హద్దు పెట్టుకున్నా దాటుతున్నవారికి తక్కువగా ఆడటం అనే దారి లేదు, పూర్తిగా ఆపడం ఒక్కటే ఉంది. దానికి వైద్యుని సహాయం తీసుకోవడం అవిశ్వాసము కాదు.

భార్యలారా, తల్లులారా, మీకొక మాట. గొలుసు అమ్మి గుట్టుచప్పుడు కాకుండా అప్పు తీర్చేసి, "ఇక మంచిగా ఉంటాడు" అని ఊరుకోకండి. అప్పు తీరిన మరునాడు అతనికి ఫోను ఖాళీగా, చేతులు ఖాళీగా ఉంటాయి. మొత్తం లెక్క బయటికి వచ్చాక, ఎవరికి ఎంత బాకీ అనేది రాసుకున్నాక, మీ చేతిమీదుగానే తీర్చండి. అతని చేతికి నోటు ఇవ్వకండి. కాపరులారా, అలాంటి సహోదరుడు మీ దగ్గరకు వచ్చి చెప్పుకుంటే వచ్చే ఆదివారం పేరు లేకుండానైనా ప్రసంగంలో వాడుకోకండి. ఊరివాళ్లు పోల్చేస్తారు. సంఘపు కానుకల పెట్టె అతని చేతిలో ఉంటే, అవమానించకుండా, ఆలస్యం చేయకుండా ఆ బాధ్యత తప్పించండి. అది శిక్ష కాదు, కాపుదల.

ఈ మాటలు వింటున్నవారిలో అప్పుల భారంతో చావు ఆలోచనలు వస్తున్నవారు ఉండవచ్చు. నాయనా, అమ్మా, ఈ ప్రసంగం అయ్యేవరకు కూడా ఆగనక్కరలేదు. లేచి పక్క గదిలో ఉన్న మనిషిని పిలువు. ఎవరూ లేకపోతే 14416 నంబరుకు ఫోను చెయ్యి. ప్రభుత్వం నడిపే టెలిమానస్ అది, ఉచితము, తెలుగులో మాట్లాడతారు. అప్పు ఎంతటిదైనా వాయిదాలు కట్టుకోవచ్చు. నీ పిల్లలకు నీవు కావాలి.

ప్రార్థన చేసుకుందాం. కనికరముగల తండ్రీ, ఈ రాత్రి కాగితం తీసుకొని కూర్చునే బిడ్డ చెయ్యి వణకకుండా పట్టుకోండి. ఆ కాగితం చదవబోయే భార్యకు మొదటి మాట మెత్తగా పలికే కృప దయచేయండి. తలుపు వేసుకొని ఒంటరిగా ఉన్నవారి దగ్గరకు ఎవరినైనా పంపించండి. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.