పులి బ్రదుకునకు దుప్పియే ఆధారము



ఈ రజతోత్సవ సభలో పులినిగూర్చి ప్రసంగింపుమని కార్యదర్శిగారు కోరినప్పుడు ఒకింత సంకోచించితిని. నల్లమల అంచున పసులను మేపుకొనువారికి పులి పుస్తకములోని బొమ్మ కాదు. మేతకు పోయిన ఎద్దు మరలి రాకపోవుటకు కారణము. అందుచేతనే ఈ విషయము మనకు ముఖ్యము.

1963 మొదలు 1965 వఱకు జార్జి షాలర్ అను శాస్త్రజ్ఞుడు మధ్యప్రదేశ్‌లోని కాన్హా అడవిలో పులిని, దానికి ఆహారమగు దుప్పులను కలిపి పరిశీలించెను. పిమ్మట కర్ణాటకలోని నాగరహొళెలో ఉల్లాస్ కారంత్ ఈ కృషిని కొనసాగించెను. పులి పెంటలోని వెండ్రుకలను సూక్ష్మదర్శినిలో చూచి అది తిన్న జంతువేదో చెప్పవచ్చును. పులి చారలు మన వ్రేలిముద్రలవంటివి. ఒకదానివి వేఱొకదానికి రావు. బాటల ప్రక్కన కెమెరాలుంచి ఒక్కొక్క పులిని గుర్తింతురు. మొదట 10 పులులు కనబడి, రెండవమారు కనబడిన 10లో 5 పాతవే యైనచో, అడవిలో సుమారు 20 ఉండునని లెక్క.

ఈ లెక్క యేల యందురా? రాజస్థాన్‌లోని సరిస్కాలో కాగితముపై పులులుండగనే, అడవిలో ఒక్కటియు లేదని 2005లో తేలినది.

ఒక పులి యేటికి ఇంచుమించు 50 పెద్ద జంతువులను చంపును. మందలో పదవవంతు పోయినను మంద నిలుచును. కనుక ఒక్క పులికి 500 దుప్పులు, కణుతులు, అడవిపందులు వంటివి కావలెను. వానికి గడ్డి, నీరు కావలెను. ఉచ్చులు పన్ని దుప్పులను హరించినచో ఆకలిగొన్న పులి మన పసులపై పడును. ఎద్దును కోల్పోయిన రైతు కడుపుమంటతో కళేబరమున విషము కలుపును. పులియు చచ్చును, నక్కయు చచ్చును. తప్పు ఒక్క రైతుదే యనుట న్యాయము కాదు. పరిహారము ఆలస్యమైన చోట విషము ముందుగా చేరును.

నల్లమల 1983లో పులుల సంరక్షణ పథకమున చేరినది. 2014 తరువాత అది రెండు రాష్ట్రములకు చెందినను, కృష్ణకు ఇరుగట్లనున్న పులి యొక్కటే. అడుగుజాడను చదువనేర్చిన చెంచులు అచట కావలి కాయుచున్నారు. వారి చదువు అడవిలో, మన చదువు ఈ గ్రంథాలయములో, రెండును కలియవలెను.

మన యూరివారు ఉచ్చు పన్నకుందురుగాక! పశునష్టము జరిగిన నాడే అర్జీ వ్రాసిపెట్టుటకు ఈ గ్రంథాలయ యువకులు పూనుకొందురుగాక! అదియే నా మనవి.