వికృతరూపం - మన నవ్వు



అసహ్యం వేస్తే ముఖం తిప్పుకోవాలి. కాని కళలో వికృతరూపం కనబడితే మనం ఇంకాస్త ముందుకు జరిగి చూస్తాం. బీభత్సాన్ని కూడా భరతుడు రసాల్లో ఒకటిగా లెక్కించాడు కనుక ఈ ఆకర్షణ కొత్తదేమీ కాదు. నేనడిగేది వేరే ప్రశ్న. ఆ రూపం అంత తరచుగా స్త్రీ శరీరమే ఎందుకవుతుంది?

శూర్పణఖనే తీసుకుందాం. వాల్మీకి ఆమెను రాముడి పక్కన నిలబెట్టి ముఖం, నడుము, కళ్లు, జుట్టు, గొంతు ఒక్కొక్కటే పోలుస్తాడు. అన్నిట్లోనూ ఆయన అందం, ఈమె వికారం. ఆమె తన కోరికను నోరువిప్పి చెప్పింది. అన్నదమ్ములు పరిహాసమాడారు. ఆమె సీత మీదికి ఉరికింది, నిజమే. అయితే అడ్డుకోవడం వేరు, ముక్కూ చెవులూ కోయడం వేరు. తమిళంలో కంబడు స్తనాలను కూడా కోయించాడు.

కథకళిలో ఆమెది 'కరి' వేషం. నల్లరంగు ముఖం, కట్టుడు స్తనాలు. వేసేది ఎక్కువగా మగవాళ్లే. మాటల్లేని ఆ రంగస్థలం మీద ఆమె గట్టిగా కేకలు పెడుతుంది. ప్రేక్షకులు నవ్వుతారు. ఆ నవ్వులో నాకు రెండు పాయలు కనిపిస్తాయి. ఒకటి చులకన. రెండోది, గొంతెత్తి అరిచే, కావాలని అడిగే స్త్రీని చూసిన సంబరం. మనల్ని లాగేది ఈ రెండోదే. కథ దాన్ని కత్తితో ముగిస్తుంది. వికృతమని ముందే ఒప్పించారు కనుక ఆమె నొప్పి మనకు తాకదు.

ఇది రంగస్థలంతో ఆగదు. 2008 డిసెంబరులో వరంగల్‌లో ఇంజనీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ పోశారు. కథలో శిక్ష కోరినందుకు. ఇలాంటి దాడుల్లో చాలాసార్లు వద్దన్నందుకు. రెండుచోట్లా తన ఇష్టం తాను చెప్పిన స్త్రీ ముఖమే గురి. 2013లో ఈ నేరానికి ప్రత్యేక సెక్షన్, కనీసం పదేళ్ల శిక్ష వచ్చాయి. 2024 జూలై నుంచి అది భారతీయ న్యాయ సంహితలో 124వ సెక్షన్. చట్టం నేరస్థుణ్ణి శిక్షించగలదు. ఆ ముఖాన్ని చూసే మన చూపును మార్చలేదు.

ఓల్గా 'సమాగమం' కథలో, తోట పెంచుకుంటున్న శూర్పణఖ దగ్గరికి సీత నడిచి వెళ్తుంది. మనం వెయ్యాల్సిన అడుగు కూడా అదే.

వికృతాన్ని కళలోంచి వెళ్లగొట్టమని నేననను. చూద్దాం, నవ్వుదాం కూడా. కత్తి లేచినప్పుడు మన నవ్వు ఎవరి పక్షాన ఉందో గమనించుకుందాం.