మోడల్ ఫైటర్ జెట్ బొమ్మలా ఎందుకు కనిపిస్తుంది? మిగ్-21 కడుతూ మాట్లాడుకుందాం

ఈ ఎపిసోడ్ మొత్తం ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. కిట్ కొన్నాం, పార్టులన్నీ అతికించాం, రంగు వేశాం, మార్కింగులు పెట్టాం. షెల్ఫ్ మీద పెట్టాక ఇంటికొచ్చినవాళ్ళు చూసి "బొమ్మ భలే ఉందే" అంటారు. "విమానం భలే ఉందే" అని మాత్రం అనరు. ఎందుకని? చాలామంది దీనికి ఇంకా ఖరీదైన కిట్ కొనాలేమో, ఎయిర్‌బ్రష్ కొనాలేమో అనుకుంటారు. అసలు కారణాలు వేరే ఉన్నాయి. అందులో సగం పైసా ఖర్చు లేకుండా సరిచేసుకోవచ్చు.

ఉదాహరణకి మిగ్-21 తీసుకుందాం. 1963లో మన వాయుసేనలోకి వచ్చింది, 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో వీడ్కోలు తీసుకుంది. అరవై రెండేళ్ళు. అంటే మీ తాతగారి కుర్రతనంలో ఎగిరిన విమానం, మీరు ఫోన్‌లో రీల్స్ చూస్తున్న రోజుల్లో కూడా ఎగిరింది. నాసిక్‌లో హెచ్‌ఏఎల్ వీటిని తయారుచేసింది, ఇంజన్లు ఒడిశాలోని కోరాపుట్‌లో తయారయ్యాయి. మన హైదరాబాద్ బాలానగర్‌లో హెచ్‌ఏఎల్ ఏవియానిక్స్ డివిజన్ ఉంది కదా, 1965లో దాన్ని పెట్టిందే మిగ్-21 ఎలక్ట్రానిక్స్ కోసం. కాబట్టి ఇది ఎక్కడో రష్యా విమానం కాదు, మన ఊరి చేతులు పడిన విమానం.

సరే, మొదటి కారణానికి వద్దాం. స్కేల్. 1/48 అంటే అసలు విమానం ఈ మోడల్‌కి 48 రెట్లు. మిగ్-21 రెక్కల చివరి నుంచి చివరికి 7.15 మీటర్లు. 48తో భాగిస్తే దాదాపు 149 మిల్లీమీటర్లు. 1/72లో అయితే 99 మిల్లీమీటర్లు, మీ ఫోన్ కంటే చిన్నది. ఈ లెక్క అందరికీ తెలుసు. కానీ దీన్ని తిరగేసి చూడండి. మీ మోడల్ రెక్క వెనక అంచు 1 మిల్లీమీటర్ మందం ఉందనుకోండి. అసలు విమానం మీద అది 48 మిల్లీమీటర్లు, అంటే దాదాపు రెండంగుళాల మందం! నిజమైన ఫైటర్ రెక్క అంచు కత్తిలా ఉంటుంది. ప్యానెల్ గీత 0.2 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటే, అసలు దాని మీద అది సెంటీమీటర్ సందు. మన కన్ను ఈ లెక్కలు వెయ్యదు గానీ, ఏదో తేడాగా ఉందని మాత్రం వెంటనే పట్టేస్తుంది. "బొమ్మలా ఉంది" అనే మాట అక్కడి నుంచే వస్తుంది.

అందుకే మొదటి పని, అతికించక ముందే రెక్కల లోపలి వైపు, గేర్ డోర్ల లోపలి వైపు శాండ్ పేపర్‌తో రుద్ది అంచులు పల్చన చెయ్యండి. మన వడ్రంగులు ఉప్పు కాగితం అంటారే, అదే. కార్ పెయింటింగ్ షాపుల్లో వాడే వాటర్ పేపర్ అయితే ఇంకా మంచిది. 400, 600, 1000, 2000 నంబర్లు తలా ఒక షీట్ తెచ్చుకుంటే నాలుగైదు మోడళ్ళకి సరిపోతుంది. పది నిమిషాల పని ఇది. దీని వల్ల వచ్చే తేడా, వేలు పోసి కొన్న డీటెయిల్ సెట్ వల్ల కూడా రాదు.

ఇంకో లెక్క చెప్తాను, ఇది బాగా గుర్తుపెట్టుకోండి. 1/48 మోడల్‌ని మీరు అడుగు దూరం నుంచి, అంటే 30 సెంటీమీటర్ల నుంచి చూస్తున్నారంటే, అసలు విమానాన్ని పద్నాలుగు మీటర్ల దూరం నుంచి చూస్తున్నట్టు. అంత దూరం నుంచి ఏం కనిపిస్తుంది? విశాఖ వెళ్ళినప్పుడు బీచ్ రోడ్డులో టీయూ-142 మ్యూజియం దగ్గర ఆగండి. పద్నాలుగు, పదిహేను పెద్ద అంగలు వెనక్కి వేసి ఫోన్‌తో ఫోటో తీయండి. రివెట్లు లీలగా ఉంటాయి. ప్యానెల్ గీతలు కొన్ని కనిపిస్తాయి, కొన్ని కనిపించవు. రంగు మీరు అనుకున్నంత గాఢంగా ఉండదు, కొంచెం వెలిసినట్టు ఉంటుంది. అందుకే డబ్బాలో ఉన్న రంగుని అలాగే వేస్తే మోడల్ మీద ముదురుగా కొడుతుంది. రెండు మూడు చుక్కల తెలుపో, లేత బూడిదో కలిపితే సరిపోతుంది.

రెండో కారణం, ఇది ఇంకా ముఖ్యం. చాలామంది "మిగ్-21" కడతారు. కానీ ప్రపంచంలో "మిగ్-21" అనే ఒక్క విమానం లేదు. ఫలానా రకం, ఫలానా స్క్వాడ్రన్, ఫలానా రోజు, అలా ఉంటుంది. పదకొండు వేలకు పైగా తయారైన విమానం ఇది. మన దగ్గరే ఎఫ్‌ఎల్, ఎం, బిస్, బైసన్, ట్రైనర్లు ఇలా ఎన్నో ఉన్నాయి. వాటి మధ్య తేడాలు చిన్నవి కావు. ఎఫ్‌ఎల్ కాక్‌పిట్ మూత ముందుకు లేస్తుంది. బిస్ మూత పైలట్ కుడి పక్కకి తెరుచుకుంటుంది. బిస్ ముందు అద్దానికి ఫ్రేములు ఉంటాయి, బైసన్‌కి ఒకటే ముక్క అద్దం. బిస్ కిట్ కట్టి, దాని మీద 1971 యుద్ధం నాటి ఎఫ్‌ఎల్ నంబర్ వేస్తే, తెలిసినవాళ్ళు ఒక్క చూపులో పట్టేస్తారు.

ఆ రోజు ఏ పని మీద వెళ్ళిందో కూడా తెలియాలి. 1971 డిసెంబర్ 12న కచ్ సింధుశాఖ మీద ఫ్లైట్ లెఫ్టినెంట్ భరత్ భూషణ్ సోనీ ఎఫ్‌ఎల్‌తో పాకిస్తాన్ ఎఫ్-104 స్టార్‌ఫైటర్‌ని కూల్చారు. ఎఫ్‌ఎల్‌కి లోపల ఫిరంగి ఉండదు, పొట్ట కింద జీపీ-9 అనే గన్ పాడ్ తగిలిస్తారు. ఆ విమానం కడితే ఆ పాడ్ ఉండాలి. రెండు రోజుల తర్వాత డిసెంబర్ 14న ఢాకా గవర్నర్ భవనం మీద దాడికి మిగ్-21లు రాకెట్లతో వెళ్ళాయి. ఆ విమానం కడితే రెక్కల కింద రాకెట్ పాడ్లు ఉండాలి. రెక్క కింద ఖాళీ కనిపించింది కదా అని పెట్టెలో ఉన్న ఆయుధాలన్నీ తగిలించేస్తే అది విమానం కాదు, సంతలో దుకాణం. ముందు ఫోటో ఒకటి ఎంచుకోండి. ఆ ఫోటోలో ఏముంటే అదే కట్టండి.

ఇక కట్టడం మొదలుపెడదాం. పార్టులున్న ఫ్రేములని ముందు గోరువెచ్చని నీళ్ళలో కొంచెం డిష్ వాష్ లిక్విడ్ వేసి కడగండి. అచ్చులోంచి ఊడిరావడానికి వాడే జిడ్డు పార్టుల మీద ఉండొచ్చు, దాని మీద రంగు పట్టదు. పార్టుని చేత్తో తిప్పి విరగొట్టొద్దు. కట్టర్‌తో కొంచెం దూరంగా కోసి, మిగిలిన ముక్క తర్వాత రుద్దండి. జిగురు పెట్టే ముందు ప్రతీ జత ఒకసారి పట్టి చూడండి. ముఖ్యంగా ముందు మాస్కింగ్ టేప్‌తో విమానం మొత్తం తాత్కాలికంగా నిలబెట్టి, చక్రాల మీద ముక్కు కిందికి వాలుతుందా, తోక మీద కూర్చుంటుందా అని చూసుకోండి. తోక మీద కూర్చుంటే ముక్కు కోన్ లోపల బరువు పెట్టాలి. బాడీ మూసేశాక ఆ అవకాశం ఉండదు.

కాక్‌పిట్. మిగ్ కాక్‌పిట్ బూడిద రంగు కాదు, నీలం కలిసిన పచ్చ, కొంచెం నెమలి మెడ రంగుకి దగ్గర. ఎదురుగా ఉన్న ప్యానెల్ మధ్యలో నిలువుగా ఒక తెల్ల గీత ఉంటుంది. అది అందం కోసం కాదు. విమానం గింగిరాలు తిరుగుతూ పడిపోతున్నప్పుడు, పైలట్ స్టిక్‌ని సరిగ్గా మధ్యకి తెచ్చుకోవడానికి అది గుర్తు. సన్న బ్రష్‌తో మీరు ఆ గీత గీసేటప్పుడు ఒక్కసారి ఆలోచించండి, ఆ గీత వైపు చూసి ప్రాణం నిలబెట్టుకోవాల్సిన క్షణం ఎలా ఉంటుందో. డీటెయిలింగ్ అంటే నా ఉద్దేశంలో ఇదే. ఏ గీత ఎందుకు ఉందో తెలిసి గీయడం.

గేర్ కాళ్ళకి బ్రేక్ గొట్టాలు ఉంటాయి, చవక కిట్లలో చాలాసార్లు అవి ఉండవు. పాడైపోయిన ఇయర్‌ఫోన్ వైరు విప్పితే లోపల వెంట్రుకలాంటి రాగి తీగలు ఉంటాయి. చక్కగా సరిపోతాయి. చక్రాల మధ్య భాగం పచ్చ రంగు, మర్చిపోవద్దు.

జిగురు గురించి మూడు మాటలు. ప్లాస్టిక్ సిమెంట్ ప్లాస్టిక్‌ని కరిగించి కలుపుతుంది, కాబట్టి ప్లాస్టిక్‌కి ప్లాస్టిక్ మాత్రమే. ఇత్తడి రేకు పార్టులకి అది పనిచెయ్యదు, అక్కడ ఫెవిక్విక్ లాంటి సూపర్ గ్లూ. అద్దం మూతకి ఈ రెండూ వద్దు. సూపర్ గ్లూ ఆవిరికి అద్దం తెల్లగా మసకబారిపోతుంది. అక్కడ మామూలు తెల్ల ఫెవికాల్, టూత్‌పిక్ కొనతో. ఎండాక పారదర్శకంగా అయిపోతుంది.

రెండు సగాలు అతికించాక వెన్ను మీద ఒక గీత మిగులుతుంది. బొమ్మ అని చాటింపు వేసేది ఆ గీతే. రుద్దండి, ప్రైమర్ వేయండి, ఫోన్ కెమెరా జూమ్ చేసి పక్క నుంచి లైట్ పడేలా ఫోటో తీయండి. కంటికి కనిపించనిది ఫోటోలో కనిపిస్తుంది. మళ్ళీ రుద్దండి. విసుగొస్తుంది, నిజమే. రెండో రోజు చెయ్యండి, ఎవరూ తరమట్లేదు కదా.

రంగు. తొలినాళ్ళ మన మిగ్-21లు అల్యూమినియం మెరుపుతో ఉండేవి. 1971లో చాలావాటికి హడావిడిగా పచ్చ రంగులు పూశారు. లోహం రంగు వేసేవాళ్ళు అద్దంలా మెరిపించాలని చూస్తారు. సర్వీసులో ఉన్న విమానం అలా మెరవదు. ఒకే అల్యూమినియంలో కొంచెం నలుపు, కొంచెం తెలుపు కలిపి రెండు మూడు ఛాయలు చేసుకుని, టేప్ వేసి కొన్ని ప్యానెళ్ళకి తేడా చూపించండి. వెనక ఎగ్జాస్ట్ దగ్గర వేడికి కమిలిన ఉక్కులా ముదురుగా ఉండాలి. ఇంకో సంగతి. వానాకాలంలో, ముఖ్యంగా కోస్తాలో గాలిలో తేమ ఎక్కువ ఉన్న రోజు లాకర్ పెయింట్ కొట్టొద్దు. పైన పాలపొరలా తెల్లగా తేలుతుంది. ఎండ కాసే రోజు దాకా ఆగండి.

మార్కింగులు అతికించే ముందు గ్లాస్ వార్నిష్ తప్పనిసరి. గరుకు మీద అతికిస్తే కింద గాలి ఉండిపోయి వెండిలా మెరుస్తుంది. తర్వాత ప్యానెల్ గీతల్లో పల్చటి ముదురు బూడిద వాష్, తుడిచెయ్యడం, చివరగా మ్యాట్. మురికి చూపించేటప్పుడు మాత్రం చెయ్యి అదుపులో పెట్టుకోండి. గ్రౌండ్ క్రూ రోజూ చూసుకునే విమానం అది, తుక్కు దుకాణంలో దొరికింది కాదు. బూట్లు పడే చోట, ఇంధనం పోసే మూత దగ్గర, చక్రాల దగ్గర, అంతే.

ఇప్పుడు సీరియస్‌గా ఒక మాట. థిన్నర్ వాసన తలకెక్కితే "అలవాటైపోతుందిలే" అనుకోవద్దు. కరోనా నాటి మాస్కులు, ఎన్-95లు దుమ్మునే ఆపుతాయి, రసాయన ఆవిరిని ఆపవు. దానికి కార్బన్ కార్ట్రిడ్జ్ ఉన్న మాస్క్ వేరే ఉంటుంది. అది కొనే డబ్బు లేకపోతే నీళ్ళతో కలిసే యాక్రిలిక్ రంగులు బ్రష్‌తో వేయండి, వాటికి కూడా కిటికీ తెరవండి. హాస్టల్ గదిలో మంచం మీద కూర్చుని స్ప్రే కొట్టకండి. వంటింటి స్టవ్ దరిదాపుల్లో థిన్నర్ సీసా పెట్టకండి. చిన్నపిల్లలు ఉన్న ఇంట్లో బ్లేడ్లు, జిగురు తాళం వేసిన డబ్బాలో ఉండాలి. ఏ మోడలూ మీ ఊపిరితిత్తుల కంటే ఎక్కువ కాదు.

ఆఖరిగా. 2012లో రక్షణ మంత్రి పార్లమెంటుకి చెప్పిన లెక్క ఒకటుంది. నాలుగు దశాబ్దాల్లో 872 మిగ్ విమానాల్లో 482 ప్రమాదాల్లో పోయాయి. 171 మంది పైలట్లు చనిపోయారు. నేల మీద ఉన్న 39 మంది మామూలు జనం కూడా. ఇది అన్ని మిగ్ రకాలూ కలిపిన లెక్క. ఈ విమానాన్ని యుద్ధ వీరుడిలా పొగిడేవాళ్ళు ఉన్నారు, ఎగిరే శవపేటిక అని తిట్టేవాళ్ళు ఉన్నారు. రెండు మాటల వెనకా నిజాలున్నాయి. ఆ కాక్‌పిట్‌లో కూర్చున్న కుర్రాళ్ళలో చాలామంది మీకంటే నాలుగైదేళ్ళు మాత్రమే పెద్దవాళ్ళు.

అందుకే మీరు తోక మీద ఒక నంబర్ అతికించే ముందు, వీలైతే ఆ నంబర్ కథ వెతకండి. ఎవరు నడిపారు, ఏమైంది. దొరికితే ఒక చిన్న కాగితం మీద రెండు లైన్లు రాసి స్టాండ్ కింద పెట్టండి. ఇంటికొచ్చినవాళ్ళు చూసి "ఇది ఏ విమానం?" అని అడుగుతారు. అప్పుడు చెప్పడానికి మీ దగ్గర ఒక మనిషి పేరు ఉంటుంది.

మీరు కడుతున్న మోడల్ ఏ రకం, ఏ స్క్వాడ్రన్ అనేది కామెంట్లలో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో ఎయిర్‌బ్రష్ లేకుండా, బ్రష్‌తోనే గీతలు పడకుండా రంగు వేయడం ఎలాగో చూద్దాం. కిటికీ తెరిచి పని చేసుకోండి. ఉంటాను, నమస్తే.