సంచి తీయించుకునే ముందు, తీయించుకున్నాక
(మండల సమాఖ్య మహాజన సభలో ఒక సంఘం లీడర్ మాట్లాడిన మాటలు)



మన సభల్లో పొదుపు గురించి, బ్యాంకు లింకేజీ గురించి, రికవరీ గురించి గంటలు గంటలు మాట్లాడతాం. ఒంటి సంగతి వచ్చేసరికి భోజనాల టైమైపోతుంది. ఈసారి ముందే చెప్పమన్నారు. కష్టాలు, ఆపరేషన్లు మన ఆరోగ్యాన్ని ఏం చేస్తున్నాయి అనేది నాకిచ్చిన విషయం. నేను చదివింది పదో తరగతి. ఏఎన్‌ఎమ్మమ్మని, ప్రభుత్వాసుపత్రిలో ఆడవాళ్ల డాక్టరమ్మని అడిగి తెలుసుకున్నవి కొన్ని, మా సంఘం అప్పుల పుస్తకంలో కనపడ్డవి కొన్ని చెప్తాను.

అప్పుల పుస్తకంలో ఆరోగ్యమేంటని కొందరు నవ్వుతున్నారు. మా సంఘంలో పది మందిమి. అందులో నలుగురికి గర్భసంచి లేదు. ఆపరేషన్ అయ్యేనాటికి ఒక్కరికి కూడా నలభై నిండలేదు. అందరికన్నా చిన్నామెకి ఇరవై తొమ్మిది. నలుగురూ సంఘంలోనే అప్పు తీసుకున్నారు. పుస్తకంలో కారణం దగ్గర ‘ఆరోగ్యం’ అని ఉంటుంది. రెండు మూడేళ్లు తిప్పితే అవే పేర్ల మీద మళ్లీ ‘ఆరోగ్యం’. మొదటిసారి ఆపరేషన్‌కి, రెండోసారి నడుముకి, మోకాళ్లకి, బీపీకి.

ఇది మా ఊరి సంగతే అనుకున్నాను. కాదంట. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్ల లెక్క ఉంది. గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద వందకి ముగ్గురుంటే, మన ఆంధ్రాలో ఎనిమిది మందికి పైనే. తెలంగాణలోనూ అంతే. దేశంలో అందరికీ లేని రోగం మన గర్భసంచులకే వచ్చిందా?

రోగం కంటే మన బతుకు తీరే ఎక్కువ కారణమని నాకనిపిస్తుంది. పదహారు పదిహేడుకి పెళ్లి, ఇరవై రెండు దాటకుండా ఇద్దరు పిల్లలు, వెంటనే కుటుంబ నియంత్రణ ఆపరేషన్. ఆ తర్వాత తెల్లబట్ట, ఎర్రబట్ట, నడుము నొప్పి. మిరపకోతల్లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా మరుగు ఉండదు, గుడ్డ మార్చుకునే చోటుండదు. నెలకి మూడు రోజులు పనికి పోకపోతే కూలి పోయినట్టే. అలాంటప్పుడు ‘పిల్లలు చాలుగా, ఇంకా సంచెందుకు’ అని ఎవరో ఒకరంటారు. ఆసుపత్రికి పోతే స్కానింగ్ తీసి ‘పుండు పడింది, ఇట్టాగే వదిలేస్తే క్యాన్సర్ అవుద్ది’ అంటారు. ఆ మాట విన్నాక ఇంకేం అడుగుతాం? మెళ్లో ఉన్నది తాకట్టుకి పోతుంది.

డాక్టరమ్మని ఇదే అడిగాను. తెల్లబట్ట ఎక్కువగా ఇన్‌ఫెక్షన్ వల్లే వస్తుందంట, మందులతో తగ్గుతుంది, ఒక్కోసారి మొగుడూ పెళ్లాం ఇద్దరూ మందు వాడాలి. రక్తం ఎక్కువ పోవడానికి థైరాయిడ్ కారణం కావచ్చు, హార్మోన్ల తేడా కావచ్చు, గడ్డలు కావచ్చు. బాధ పెట్టని చిన్న గడ్డలకి ఆపరేషనే అక్కర్లేదు. రక్తం తగ్గడానికి మాత్రలున్నాయి, కాపర్-టీ లాగా లోపల పెట్టే హార్మోన్ పరికరం కూడా ఉంది. క్యాన్సర్ వస్తుందని ఒక్క స్కానింగ్ చూసి చెప్పేయడం కుదరదు. దానికి గర్భసంచి ముఖద్వారం పరీక్ష వేరే ఉంది. ముప్ఫై దాటిన ఆడవాళ్లకి ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా చేస్తారు. అనుమానముంటే చిన్న ముక్క తీసి పరీక్షకి పంపుతారు.

ఇక దిగులు సంగతి. దిగులు మనసులో ఉంటుంది, ఒంటికేం సంబంధం అనుకుంటాం. భయం, ఏడుపు, అప్పులోళ్ల మాటలు నెలల తరబడి ఉంటే ఒంట్లో కొన్ని హార్మోన్లు పెరిగిపోతాయి. నిద్ర పోతుంది. బీపీ, షుగర్ పెరుగుతాయి. నెలసరి సరిగ్గా రావాలంటే మెదడు నుంచి అండాశయాలకి కబురందాలి. ఆ కబురు కూడా తప్పుతుంది. అందుకే కొందరికి రెండు నెలలు రాదు, కొందరికి నెలకి రెండుసార్లు.

మా పక్క సంఘంలో ఒక చెల్లెలుంది. భర్తకి బండి ప్రమాదమై కాలు పోయింది. ఫైనాన్స్ కిస్తీలు, ఆసుపత్రి బాకీ అన్నీ ఆమె నెత్తిన పడ్డాయి. ఆ ఆరు నెలల్లో నెలకి రెండుసార్లు ముట్టయ్యేది. ఒకచోట సంచి తీసేయాలన్నారు. అప్పుకోసం సంఘానికొస్తే వాళ్ల లీడర్ ముందు ప్రభుత్వాసుపత్రికి తీసుకుపోయింది. రక్తం ఎనిమిది గ్రాములుంది, థైరాయిడ్ తేడాగా ఉంది. ఆడవాళ్లకి పన్నెండుకి తగ్గితేనే రక్తహీనత అంటారు. మాత్రలు వాడింది, ఐరన్ వాడింది. ఇప్పుడు నెల నెలా సరిగ్గానే వస్తోంది. కష్టాలన్నీ తీరాయని చెప్పను, కిస్తీలు ఇంకా కడుతూనే ఉంది. సంచి మాత్రం ఆమె ఒంట్లోనే ఉంది.

తీసేస్తే ఏమవుతుంది అనేది చాలామందికి ఎవరూ చెప్పరు. సంచికి రెండు పక్కలా అండాశయాలుంటాయి. మన ఎముకలకి, గుండెకి, నిద్రకి కావాల్సిన హార్మోన్ వాటి నుంచి వస్తుంది. మామూలుగా నలభై ఐదు దాటాక అది మెల్లగా తగ్గి ముట్లు ఆగిపోతాయి. సంచితోపాటు అండాశయాలు కూడా తీసేస్తే, ముప్ఫై ఏళ్లకే ఒక్కరోజులో ఆగిపోయినట్టు. ఒళ్లంతా ఆవిర్లు, అర్ధరాత్రి చెమటలు, ఊరికే కోపం, ఊరికే ఏడుపు. ‘ఆపరేషనైన కాడి నుంచి దీనికి పొగరెక్కింది’ అని ఇంట్లోవాళ్లంటారు. పొగరు కాదు అది! ఎముకలు ముందే గుల్లబారతాయి, గుండెజబ్బు ముప్పు పెరుగుతుంది. అండాశయాలు ఉంచినా కొందరికి ముట్లు ఆగిపోవాల్సిన వయసు కొన్నేళ్లు ముందుకొస్తుంది.

పైగా అప్పు. ఆపరేషనయ్యాక నెలన్నర దాకా బరువులెత్తకూడదు. మా సభ్యురాలు ఇరవయ్యో రోజుకే మిరపకోతకి పోయింది, కిస్తీ ఉందని. ఆ కిస్తీ కట్టించుకున్నది మన సంఘమే, ఇది మనం ఆలోచించాలి.

ఆపరేషనే వద్దని నేననడంలేదు. క్యాన్సరైనా, పెద్ద గడ్డలైనా, మందులు వాడినా రక్తం ఆగకపోయినా తీయించుకోవాలి, ప్రాణం నిలుస్తుంది. అలాంటి అక్కని భయపెట్టి ఆపితే అది ఇంకా పాపం. అవసరమో కాదో ఇంకో డాక్టర్‌తో చూపించుకుందామంటున్నాను, అంతే. 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కూడా, అవసరంలేని గర్భసంచి ఆపరేషన్లు ఆపడానికి కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు మూడు నెలల్లో అమలు చేయాలని రాష్ట్రాలకి చెప్పింది.

అందుకని మా గ్రామ సంఘంలో ఒక తీర్మానం పెట్టాం. ఈ ఆపరేషన్‌కి అప్పు కావాలంటే ముందు ప్రభుత్వాసుపత్రి డాక్టరమ్మకి చూపించుకోవాలి, తోడుగా సంఘం నుంచి ఒకరు పోవాలి, పోయినామెకి ఆరోజు కూలి గ్రామ సంఘం ఇవ్వాలి. అర్జంటని డాక్టర్ రాసిస్తే ఇదేమీ అక్కర్లేదు. దీని మీద గొడవైంది. ‘బర్రెకి అప్పిచ్చేటప్పుడు అడగని కాగితం నా ఒంటికి అడుగుతారా’ అని ఒక పెద్దమ్మ లేచింది. బర్రెకైతే పశువుల డాక్టరొచ్చి చూశాకే కదా పెద్దమ్మా అప్పిచ్చాం అన్నాను. ఆవిడే మొదటి సంతకం పెట్టింది. రెండోది, ఆపరేషనైన సభ్యురాలికి మూడు నెలలు కిస్తీ ఆపాలని. ఇది గ్రామ సంఘం ఒక్కటే చేయలేదు, సమాఖ్య ఒప్పుకోవాలి. ఈరోజు సభలో ఇదే అడుగుతున్నాను.

సంతకం పెట్టే ముందు డాక్టర్‌ని అడగాల్సినవి: నాకున్న జబ్బు పేరేంటి, మందులతో తగ్గదా, ముక్క పరీక్ష చేశారా, అండాశయాలు ఉంచుతారా తీసేస్తారా. చివరిది మర్చిపోవద్దు.

ఇప్పటికే అయినవాళ్లు దిగులుపడి ఏం లాభంలేదు, చేసుకోవాల్సింది చాలా ఉంది. రాగిజావ, పెరుగు, నువ్వులు రోజూ తినండి, మొగుడికీ పిల్లలకీ పెట్టాక మిగిలితే అని కాదు. బీపీ, షుగర్ చూపించుకుంటూ ఉండండి. అండాశయాలు కూడా తీసేసి ఉంటే, హార్మోన్ మాత్రలు మీకు పనికొస్తాయేమో డాక్టర్‌ని అడగండి. అందరికీ పడవు కాబట్టి షాపులో సొంతంగా కొనొద్దు.

అండాశయాలు ఉన్నాయో లేవో మా నలుగురిలో ముగ్గురికి తెలీదు. ఇంటికి పంపేటప్పుడు ఆసుపత్రివాళ్లిచ్చిన డిశ్చార్జి కాగితంలో ఉంటుంది. ట్రంకుపెట్టెలో, బీరువాలో, బియ్యం డబ్బా కింద ఎక్కడ పెట్టారో వెతకండి. వచ్చే నెల సమావేశానికి తీసుకురండి. అది ఇంగ్లీషులో ఉంటుంది, చదివి చెప్పడానికి ఏఎన్‌ఎమ్మమ్మ వస్తానంది.