గిటారు నేర్చువారికి తగిన యాంప్లిఫయరు
(పాఠశాల వార్షికోత్సవ సభలో ఒక పూర్వవిద్యార్థి చేసిన ప్రసంగము)

   

 నేను పండితుడను కాను. సంగీతవిద్వాంసుడను అంతకన్నను కాను. గిటారు వాయించుట కొంత నేర్చి, పదిమంది పిల్లలకు దానిని నేర్పుచున్నవాడను. గడచిన సంవత్సరములో ఈ పాఠశాల విద్యార్థులలో కొందరు నా యొద్దకు వచ్చి, "అన్నా, గిటారు కొన్నాము. యాంప్లిఫయరు ఏది కొనవలెను?" అని అడిగిరి. వారికి విడివిడిగా చెప్పిన దానినే నేడు మీ అందరి యెదుట చెప్పెదను. విషయము చిన్నదిగా తోచవచ్చును. కాని ఇందులో తల్లిదండ్రుల కష్టార్జితము, ఇరుగుపొరుగువారి నిద్ర, మీ చెవులు, మీ విద్య, ఈ నాలుగును ఇమిడియున్నవి.

మొదట నా తెలివితక్కువతనమును గూర్చి విన్నవించుకొందును. 1996వ సంవత్సరమున నేను ఈ నాందేడులో కళాశాల విద్యార్థిని. మా తండ్రిగారు మగ్గము పని చేయుచుండిరి. మా అమ్మ బీడీలు చుట్టుచుండెను. ఒక పాత ఎలక్ట్రిక్ గిటారు నాకు చౌకగా దొరకినది. పెండ్లిండ్లలో వాయించు ఒక ఆర్కెస్ట్రావారు తమ 100 వాట్టుల యాంప్లిఫయరును అమ్మివేయుచున్నారని తెలిసినది. బీరువా అంత పెట్టె! దానిని చూచినంతనే నాకు మతి పోయినది. "పెద్దది కొన్నచో మరల కొననక్కరలేదు" అని అమ్మకు నచ్చజెప్పితిని. ఆమె చీటీ పాడిన 9,000 రూపాయలు తెచ్చి నా చేతిలో పెట్టెను.

మేము ఆరు కుటుంబములు కాపురముండు ఒక వాడాలో అద్దెకు ఉంటిమి. మొదటి సాయంకాలమే నేను మీట తిప్పి తీగ మీటగా కిటికీ తలుపులు అదరినవి. క్రింది గదిలో ఒక మరాఠీ ముసలమ్మ మంచము పట్టియుండెను. మేమందరము ఆమెను ఆజీ అని పిలిచెడివారము. మరునాడు ఆమె నన్ను పిలిపించి, "బాళా, నీ వాద్యము మంచిదే. కాని దానితోపాటు నా గుండె కూడ కొట్టుకొనుచున్నది" అనెను. తిట్టినను బాధ లేకపోవును. ఆ మెత్తని మాటతో సిగ్గుపడిపోతిని. అప్పటినుండి ధ్వనిని మిక్కిలి తగ్గించి వాయింపజూచితిని. అంత తగ్గించినచో ఆ పెట్టె నుండి వచ్చు నాదము గొంతు పూడినవాని మాట వలె నుండెను. మీటను వెంట్రుకవాసి పెంచినచో ఇల్లు దద్దరిల్లును. తగ్గించినచో ప్రాణము లేదు. నెలరోజులలో సాధన మానివేసితిని. పిదప ఆ పెట్టెను 4,000 రూపాయలకు అమ్మితిని. 5,000 రూపాయలు పోయినవి. ఆ మొత్తమునకు మా అమ్మ ఎన్ని వేల బీడీలు చుట్టవలెనో లెక్కించుటకు నాకు ధైర్యము చాలలేదు. ఆమె మాత్రము ఒక్క మాటయే అడిగెను: "ఇక వాయించవా, నాయనా?"

ఆ ప్రశ్నయే నేటి నా ప్రసంగమునకు మూలము.

ఇపుడు విషయమునకు వత్తము. యాంప్లిఫయరు కొనుటకు ముందు మీ గిటారు ఏ జాతిదో చూచుకొనుడు. బోలుగా నుండు చెక్కపెట్టె గల మామూలు గిటారు తన ధ్వనిని తానే పెంచుకొనును. దానితో నేర్చుకొనువారికి యాంప్లిఫయరు అవసరమే లేదు. ఆ పైకముతో మంచి తీగలు కొని, గురుదక్షిణ చెల్లించుడు. ఎలక్ట్రిక్ గిటారు సంగతి వేరు. దాని తీగల క్రింద అయస్కాంతములు, వాని చుట్టు సన్నని రాగితీగ చుట్టలు ఉండును. ఉక్కుతీగ కదలినపుడు ఆ చుట్టలో అత్యల్పమైన విద్యుత్తు పుట్టును. ఆ విద్యుత్తును పెంచి స్పీకరునకు అందించుటయే యాంప్లిఫయరు పని. నైలాను తీగలపై ఈ అయస్కాంతము పని చేయదని కూడ గుర్తుంచుకొనుడు.

"మన సభలలో ఉపన్యాసములకు వాడు యాంప్లిఫయరునకే గిటారును తగిలించరాదా?" అని కొందరడుగుదురు. తగిలించవచ్చును గాని ఫలితము బాగుండదు. మన ఊరి గురుద్వారములో కీర్తన వినినవారికి తెలియును: అక్కడి ధ్వనియంత్రము గాయకుని కంఠమును ఉన్నదున్నట్లు దూరమునకు చేర్చవలెను, తనదిగా ఏమియు చేర్చరాదు. గిటారు యాంప్లిఫయరు ధర్మము అట్టిది కాదు. అది వాద్యములో సగభాగము. దాని స్పీకరు సుమారు 5,000 హెర్ట్‌జులకు పైబడిన కీచుధ్వనులను అణచివేసి నాదమును గుండ్రముగా చేయును. వీణకు గుమ్మడికాయ యెట్టిదో, ఎలక్ట్రిక్ గిటారునకు యాంప్లిఫయరు అట్టిది.

ఇక వాట్టుల మాట. మోసపోవుట ఎక్కువగా ఇక్కడనే. 100 వాట్టుల పెట్టె 10 వాట్టుల పెట్టెకంటె పదిరెట్లు బిగ్గరగా మ్రోగునని అందరును తలంతురు. అది నిజము కాదు. శక్తి పదిరెట్లు పెరిగినపుడు మన చెవికి ధ్వని సుమారు రెండురెట్లుగా మాత్రమే తోచును. పైగా సాధారణమైన గిటారు స్పీకరు ఒక్క వాట్టు శక్తితోనే మీటరు దూరమున 95 మొదలు 100 డెసిబెల్లుల ధ్వని నీయగలదు. కావున ఇంటిలో సాధన చేయువానికి 5 మొదలు 15 వాట్టులు చాలును. నిజమునకు అదియు ఎక్కువయే.

మరి ఆ మహాకాయములైన పెట్టెలు ఎట్లు పుట్టినవి? దానికొక కారణము కలదు. అమెరికాలో 1930 ప్రాంతమున ఎలక్ట్రిక్ గిటారు రూపొందినది. అప్పటి యాంప్లిఫయర్లు రేడియో పెట్టెలను బోలిన చిన్నవి. లండనులో డ్రమ్ములు అమ్ముకొనుచుండిన జిమ్ మార్షల్ 1962లో గిటారు యాంప్లిఫయర్లు తయారుచేయించుట ఆరంభించెను. వేలకొలది జనము చేరు కచ్చేరీలలో గిటారు వినబడవలెనని వాద్యగాండ్రు కోరగా 1965 ప్రాంతమున 100 వాట్టుల యంత్రములు వచ్చినవి. నాడు గిటారు పెట్టెకు ముందు మైకు నుంచి సభాయంత్రము ద్వారా వినిపించు పద్ధతి ఇంకను స్థిరపడలేదు. నేడు అట్లు కాదు; వేదికపై చిన్న పెట్టె నుంచి, దాని ముందు మైకు పెట్టిన చాలును. అనగా నేను కొన్న ఏనుగు నాటి అవసరమునకు పుట్టినది. నా ఇరుకుగదికి కాదు.

చెవిని గూర్చి ఒక మాట. 85 డెసిబెల్లుల ధ్వనిని దినమునకు 8 గంటలకు మించి వినరాదని ఆరోగ్యశాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఆపై ప్రతి 3 డెసిబెల్లులకు ఆ కాలము సగమగును. ఆ లెక్కన 100 డెసిబెల్లుల ధ్వనిని 15 నిమిషములే వినవచ్చును. పోయిన చూపునకు కొంతవరకు అద్దములు కలవు గాని, ఇట్లు పోయిన వినికిడి మరల రాదు. 2000వ సంవత్సరపు శబ్దకాలుష్య నిబంధనలు నివాసప్రాంతములలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్లులను పరిమితిగా విధించినవి. రాత్రి యనగా 10 గంటల మొదలు ఉదయము 6 గంటల వరకు. చట్టము సంగతి యట్లుండనిండు. క్రింది గదిలో ఒక ఆజీ ఉన్నదని తలచుకొనిన చాలును.

ఇందువలన హెడ్‌ఫోను తగిలించుకొను రంధ్రము గల పెట్టెనే కొనుడు. పరీక్షల కాలమున తమ్ముడు చదువుకొనుచుండగా మీరు సాధన చేసికొనవచ్చును. కాని హెడ్‌ఫోనులోను ధ్వని మితముగానే ఉండవలెను సుమా! అది చెవికి మరింత చేరువ.

ఇక రకములు. గాజుకవాటములు, అనగా వాల్వులు గల యాంప్లిఫయరు నాదము మధురమని పెద్ద వాద్యగాండ్రందురు. అది నిజమే. కాని దానిని గట్టిగా మ్రోగించినపుడే ఆ మాధుర్యము పూర్తిగా వెలువడును. బరువెక్కువ, వెల యెక్కువ, వాల్వులు అరిగినపుడు మార్చవలెను. 1947లో ట్రాన్సిస్టరు కనుగొనబడిన పిదప చౌకైన, తేలికైన యంత్రములు సాధ్యమైనవి. నేడు అనేకరకముల యాంప్లిఫయర్ల నాదమును లెక్కలతో అనుకరించు డిజిటల్ పెట్టెలు కూడ లభించుచున్నవి. నేర్చుకొనువానికి ఈ చివరి రెండు రకములలో ఏదైనను తగును. గెయిన్, మాస్టర్ వాల్యూమ్ అని రెండు మీటలు వేరువేరుగా ఉన్నచో మేలు. మొదటిది నాదమునకు గరుకుదనము నిచ్చును. రెండవది మొత్తము ధ్వనిని నిర్ణయించును. రెండును ఉన్నచో గరుకైన నాదమును కూడ మెల్లగా వాయించుకొనవచ్చును. వందలాది మాయలు చేయు పెట్టెను చూచి భ్రమపడకుడు. మీటలు త్రిప్పుటలోనే సాధనకాలమంతయు గడచిపోవును.

విద్యుత్తు విషయములో రెండు హెచ్చరికలు. అమెరికానుండి బంధువులు తెచ్చిన పెట్టె 120 వోల్టులకు చేయబడినదై యుండవచ్చును. మన విద్యుత్తు 230 వోల్టులు. వెనుకనున్న పలకను చదువక తగిలించినచో క్షణములో కాలిపోవును. రెండవది ప్రాణసంబంధమైనది. గిటారు తీగలు యాంప్లిఫయరు ద్వారా భూమికి కలిపియుండును. మూడు ముండ్ల ప్లగ్గులో ఎర్తు ముల్లును విరిచివేసినను, గోడలోని ఎర్తు చెడిపోయినను, యంత్రములో లోపము కలిగిననాడు విద్యుత్తు తీగలగుండ మీ వ్రేళ్లకే వచ్చును. ఎర్తు సరిగా నున్నదో లేదో ఎలక్ట్రీషియనుచే చూపించిన తరువాతనే వాయించుడు. తరచుగా కరెంటు పోవు గ్రామములవారు బ్యాటరీతో కూడ నడచు చిన్న పెట్టెను కొనుట మంచిది.

దుకాణమునకు పోవునపుడు, అది హైదరాబాదు కానిండు, ముంబయి కానిండు, మీ గిటారును వెంట తీసికొనిపొండు. దుకాణదారుడు పెద్దగా మ్రోగించి చూపును. పెద్ద ధ్వని ఎల్లప్పుడును బాగుగానే తోచును. మన చెవి స్వభావము అట్టిది: ధ్వని తగ్గినపుడు మంద్రధ్వనులును, తారధ్వనులును మరింత సన్నగిల్లును. కావున "ఇంటిలో వాయించునంత మెల్లగా పెట్టుడు" అని కోరుడు. అపుడు నాదము వినుటకు ఇంపుగా నున్నచో అది మీ పెట్టె. పాతది కొనునపుడు ప్రతి మీటను త్రిప్పి చిటపటలు వచ్చునేమో వినుడు. స్పీకరు కాగితము చిరిగినదేమో చూడుడు. తీగ మీటకయే ఎక్కువ హోరు వచ్చినచో విడిచిపెట్టుడు.

మన జాతి గర్వించదగిన ఒక నిదర్శనము చెప్పి ముగింతును. మన నాందేడు ప్రక్కన పారు ఈ గోదావరియే దిగువకు పోయి పశ్చిమగోదావరి సీమను తడుపును. ఆ సీమలోని పాలకొల్లున 1969లో ఉప్పలపు శ్రీనివాసుగారు జన్మించిరి. వారు చేపట్టిన మాండొలిను మన శాస్త్రీయసంగీతమునకు తగినదని నాడు పలువురు తలంపలేదు. దాని తీగలు జంటజంటలుగా నుండును. మీటిన నాదము క్షణములో ఆరిపోవును. గమకము పలుకవలెనన్నచో తీగను లాగిన తరువాత కూడ నాదము నిలువవలెను. వారు ఎలక్ట్రిక్ మాండొలినును స్వీకరించి, జంటతీగలకు బదులు అయిదు ఒంటితీగలను అమర్చుకొనిరి. వారి గురువులైన రుద్రరాజు సుబ్బరాజుగారికి మాండొలిను వాయించుట రాదు. వారు పాడగా శిష్యుడు విని తీగపై పలికించెను. 1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధనోత్సవమున ఆ బాలుని తొలి కచ్చేరి జరిగెను. 2014లో వారు అకాలముగా మనలను విడిచిపోయిరి.

ఇందు గమనింపవలసినదేమి? వారు విద్యుత్తును కోరినది బిగ్గరగా మ్రోగుటకు కాదు. ఆరిపోవుచున్న నాదపు చివరి కొసను కూడ శ్రోతకు వినిపించుటకు. యాంప్లిఫయరు యొక్క నిజమైన ప్రయోజనము ఇదియే. సూక్ష్మమును వినిపింపజేయునది మంచి పెట్టె. సూక్ష్మమును కప్పివేయునది చెడ్డ పెట్టె.

నా కథ కొంత మిగిలినది. రెండు సంవత్సరములు గిటారు మూలన పడియుండెను. నిజామాబాదులోని మా పెదనాన్నగారి కుమారుడు తాను వాడక ఉంచిన 10 వాట్టుల చిన్న పెట్టెను నాకు ఇచ్చెను. దానిని ఒక పీటపై పెట్టి ఒక సాయంకాలము మెల్లగా వాయించితిని. మా అమ్మ చేట ఒడిలో పెట్టుకొని బీడీలు చుట్టుచుండెను. ఆమె చేతులు ఆగలేదు. కొంతసేపటికి, "ఇప్పుడు పాట వినబడుచున్నది" అనెను. క్రిందినుండి ఆజీ మనుమడు వచ్చి, తలుపు కొంచెము తెరచియుంచుమని ఆజీ చెప్పినదనెను.

బాలబాలికలారా! మీ అమ్మానాన్నలు మీ చేతిలో పైకము పెట్టిననాడు ఈ మాటలు ఒకసారి జ్ఞప్తికి తెచ్చుకొనుడు. చిన్న పెట్టె కొనుడు. నిత్యము సాధన చేయుడు.